లైనక్స్‌లో గేమ్స్: నెలకు నాలుగు వందలుంటే ఏం కొనొచ్చు, ఏది కొనకూడదు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కడపలో డిగ్రీ చదువుతున్నావు. ఏడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నావు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11 ఆ ప్రాసెసర్‌ను ఒప్పుకోదు, కాబట్టి లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నావు. గేమ్స్ మీద నెలకు మూడు నాలుగు వందలు పెట్టగలవు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్స్ దుకాణంలో నాలుగు వేల రేట్లు చూసి దిగాలు పడ్డావు. వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడే స్నేహితులు, లైనక్స్‌లో ఏవీ దొరకవని టెన్షన్ పెడుతున్నారు. మళ్ళీ విండోస్‌కి పోదామా అని అడుగుతున్నావు.

నేను అనంతపురంలో ఉంటాను, చాలా ఏళ్ళుగా లైనక్స్ మీదే ఆడుతున్నాను, దాదాపు నీలాంటి బడ్జెట్‌తోనే. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

లైనక్స్ వాడేవాళ్ళు ముందు రేటు చూడకూడదు. ఈ గేమ్ ఇవాళ మన దగ్గర నడుస్తుందా, రెండేళ్ళ తర్వాత కూడా నడిచే రకమేనా అన్నది ముందు చూడాలి, ఆ తర్వాతే రేటు. వంద రూపాయలకు కొన్న గేమ్ ఆర్నెల్లకు తలుపు మూసేస్తే ఆ వంద దండగ. ఎనిమిది వందలు పెట్టి కొన్నది పదేళ్ళు ఆడుకోగలిగితే అదే చవక. బడ్జెట్ తక్కువున్నవాళ్ళకు ఈ లెక్క ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఒక తప్పుడు కొనుగోలుకు రెండు నెలల డబ్బు పోతుంది.

దొరకడం గురించి నీ స్నేహితులు చెప్తున్నది పాత మాట. స్టీమ్ లైనక్స్‌కి వచ్చింది 2013 ఫిబ్రవరిలో. ఆ తర్వాత అయిదారేళ్ళు, ఏ కంపెనీ అయినా పనిగట్టుకుని లైనక్స్ వెర్షన్ తయారు చేస్తేనే మనకు ఆట. ఫెరల్ ఇంటరాక్టివ్, ఆస్పైర్ లాంటి కంపెనీలు కొన్ని పెద్ద గేమ్స్‌ని మార్చి ఇచ్చేవి కానీ, అవి మన దాకా వచ్చేసరికి విండోస్ వాళ్ళు ఆడి మర్చిపోయేవాళ్ళు. 2013లో వచ్చిన టూంబ్ రైడర్ మనకు 2016లో అందింది. 2018 ఆగస్టులో స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ, విండోస్ గేమ్స్‌ని లైనక్స్‌లో నడిపించే ప్రోటాన్‌ను బయటపెట్టాక ఈ కథ మారింది. విండోస్ ప్రోగ్రాంలను లైనక్స్‌లో నడిపే వైన్ అనే పాత ప్రాజెక్టును తీసుకుని, దానికి డీఎక్స్‌వీకే లాంటివి కలిపి స్టీమ్‌లోనే పెట్టేశారు. విండోస్ గేమ్ డైరెక్ట్‌ఎక్స్ అనే విండోస్ గ్రాఫిక్స్ భాషలో అడిగిన పనిని డీఎక్స్‌వీకే అప్పటికప్పుడు లైనక్స్‌లో పనిచేసే వల్కన్ అనే భాషలోకి మార్చి మన డ్రైవర్‌కి అందిస్తుంది. గేమ్ చేసినవాళ్ళు మనకోసం విడిగా ఏమీ చెయ్యక్కర్లేదు.

2022 ఫిబ్రవరిలో లైనక్స్ మీద నడిచే, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ అనే వాల్వ్ మెషీన్ వచ్చాక ఇదంతా ఇంకా గట్టిపడింది. వాల్వ్ ఆ మెషీన్‌ను ఇండియాలో అధికారికంగా అమ్మలేదు. అనధికారంగా తెచ్చి అమ్మే గ్రే మార్కెట్‌లో దొరికే రేటుకి, వారంటీ లేకుండా, నువ్వు దాని జోలికి పోవద్దు. కానీ దానికోసం వాళ్ళు చేసిన పనంతా నీ మింట్‌లోకీ వస్తుంది, అదీ ఉచితంగా. ఒంటరిగా ఆడే గేమ్స్‌లో చాలా భాగం ఇప్పుడు ఇన్‌స్టాల్ నొక్కితే నడుస్తాయి. స్టీమ్ సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీ అనే చోట అన్ని గేమ్స్‌కీ ప్రోటాన్ వాడేలా పెట్టుకున్నావో లేదో ఒకసారి చూసుకో.

కొనేముందు, ఏ గేమ్ ప్రోటాన్‌లో ఎలా నడుస్తోందో ఆడినవాళ్ళు రాసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో ఆ గేమ్ పేరు కొట్టు. ప్లాటినం, గోల్డ్ అని గ్రేడ్ ఉంటుంది, కానీ గ్రేడ్ చూసి ఆగిపోవద్దు. కిందకి దిగి ఇటీవలి రిపోర్టులు చదువు, నీలాగా ఇంటెల్ గ్రాఫిక్స్‌తో ఆడినవాళ్ళు ఏం రాశారో వెతుకు. పెద్ద కార్డు ఉన్నాయన ‘అద్భుతంగా నడుస్తోంది’ అని రాస్తే అది నీకు పనికొచ్చే సమాచారం కాదు. నీ ఏడో తరం చిప్ వల్కన్ విషయంలో ఇబ్బంది పెట్టదు. ఇది చదువుతున్నవాళ్ళలో నాలుగో తరం లాప్‌టాప్ ఉన్నవాళ్ళుంటే మాత్రం జాగ్రత్త: 2022లో వచ్చిన డీఎక్స్‌వీకే 2.0 నుంచి వల్కన్ 1.3 కావాలి, ఆ పాత చిప్‌లకు అది పూర్తిగా లేదు. పాత ప్రోటాన్ వెర్షన్ ఎంచుకోవాలి, లేదా నేరుగా లైనక్స్ కోసం చేసిన గేమ్స్‌తో సరిపెట్టుకోవాలి.

ఇంకో చిన్న సంగతి. లైనక్స్ వెర్షన్ ఉంది కదా అని ప్రతిసారీ దాన్నే నమ్ముకోకు. కొన్ని పాత లైనక్స్ వెర్షన్లను కంపెనీలు వదిలేశాయి, అప్‌డేట్లు లేవు. అలాంటప్పుడు గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి ప్రోటాన్‌ను బలవంతంగా పెడితే విండోస్ వెర్షనే బాగా నడుస్తుంది.

మరి నిజంగా దొరకనివి ఏవి? ఆన్‌లైన్‌లో పదిమందితో పోటీపడే గేమ్స్. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడను, ఎందుకంటే మనలాంటివాళ్ళ డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఈ గేమ్స్‌లో మోసాలను పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాంలు ఉంటాయి, అవి లైనక్స్‌ను ఒప్పుకోకపోతే ఆడలేం. వాటిలో ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌కి సపోర్ట్ ఇచ్చాయి. కానీ దాన్ని ఆన్ చెయ్యాలా వద్దా అన్నది గేమ్ కంపెనీ ఇష్టం. కొందరు చేశారు, కొందరు చెయ్యలేదు, కొందరు చేసి తర్వాత తీసేశారు. ఎపెక్స్ లెజెండ్స్ లైనక్స్‌లో చక్కగా నడిచేది, 2024 అక్టోబర్ చివర్లో ఆపేశారు. జీటీఏ ఆన్‌లైన్‌ను మనవాళ్ళు ఏళ్ళ తరబడి ఆడారు. 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్‌ఐ పెట్టారు, మన వైపు తలుపు మూసుకుంది. కథ ఉన్న భాగం ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ లేదు. అంతకుముందు 2020 మార్చిలో రాకెట్ లీగ్ లైనక్స్ వెర్షన్‌కు ఆన్‌లైన్ ఆట ఆపేసింది. అది జనం డబ్బు పెట్టి కొన్న గేమ్. రీఫండ్ ఇచ్చారు, సరే, కానీ ఆ గేమ్ మీద పెట్టుకున్న ఇష్టానికి రీఫండ్ ఉండదు కదా.

అందుకే నా నియమం ఇది: కంపెనీ సర్వర్ లేకుండా ఆడలేని గేమ్‌కి నేను డబ్బు పెట్టను. ఉచితమైతే ఆడతాను. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 రెండూ వాల్వ్‌వే, లైనక్స్‌లో నేరుగా నడుస్తాయి, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. కాకపోతే నీ లాప్‌టాప్‌లో కౌంటర్ స్ట్రైక్ 2 సాఫీగా నడవదు, దానిమీద ఆశ పెట్టుకోకు. డోటాను తక్కువ సెట్టింగ్స్‌తో ప్రయత్నించు. ఏ గేమ్ యాంటీ చీట్ పరిస్థితి ఎలా ఉందో చూడటానికి ‘ఆర్ వీ యాంటీ చీట్ యెట్’ అని ఒక సైట్ ఉంది, ఆన్‌లైన్ గేమ్ ఏదైనా కొనేముందు అది తెరవకుండా డబ్బు కట్టొద్దు.

ఇక రేట్లు. స్టీమ్ రూపాయల్లో అమ్ముతుంది, యూపీఐతో కట్టొచ్చు. వేరే దేశాల కంటే మనకు తక్కువ రేటు పెట్టే అవకాశం కంపెనీలకు ఉంది. వాల్వ్ ఒక సూచన పట్టిక ఇస్తుంది, ఇన్ని డాలర్లకు ఇండియాలో ఇన్ని రూపాయలు పెట్టుకోండి అని. ఆ పట్టికను 2022 అక్టోబర్‌లో మార్చి మన రేట్లు బాగా పెంచారు. పైగా అది సూచన మాత్రమే, చివరికి రేటు పెట్టేది పబ్లిషర్. అందుకే పక్కపక్కనే ఇంత తేడా కనిపిస్తుంది. 2025 సెప్టెంబర్‌లో హాలో నైట్: సిల్క్‌సాంగ్ అమెరికాలో 20 డాలర్లకు వస్తే మన దగ్గర 880 రూపాయలకు వచ్చింది. లైనక్స్ వెర్షన్ కూడా మొదటిరోజే ఇచ్చారు. అన్నేళ్ళు కూర్చుని చేసిన ఆటకి 880 న్యాయమైన రేటు, నేను సంతోషంగా కడతాను. సైబర్‌పంక్ 2077, బాల్డర్స్ గేట్ 3 లాంటివి 2,999. కొన్ని పెద్ద కంపెనీలు దాన్నీ దాటి నాలుగు వేలు, అయిదు వేలు అంటున్నాయి, డాలర్ రేటును రూపాయల్లోకి గుణించి పెట్టేసినట్టు. కడపలోనో కర్నూలులోనో ఉద్యోగంలో చేరిన కుర్రాడి మొదటి జీతం ఎంతో వాళ్ళకు పట్టదు. అది మనల్ని లెక్కలోకి తీసుకోని రేటు. దానికి మన జవాబు కొనకపోవడమే. రెండు మూడేళ్ళు ఆగితే అవే గేమ్స్ చాలావరకు సగానికీ పావుకీ వస్తాయి. అప్పటికి బగ్స్ తగ్గి ఉంటాయి, ప్రోటాన్‌లో ఇబ్బందులు కూడా చాలావరకు తీరి ఉంటాయి. ఆలస్యంగా కొనడం వల్ల విండోస్ వాళ్ళకు డబ్బు మాత్రమే మిగులుతుంది, మనకు తలనొప్పి కూడా తగ్గుతుంది.

నీ నాలుగు వందలను నెలనెలా ఖర్చు పెట్టకు. ఏడాదికి 4,800 అవుతుంది. దాన్ని రెండు ముద్దలుగా దాచి, జూన్ చివర్లో వచ్చే సమ్మర్ సేల్‌కి ఒకటి, డిసెంబర్ చివర్లో వచ్చే వింటర్ సేల్‌కి ఒకటి వాడు. మధ్యలో వచ్చే చిన్న సేల్స్‌లో అత్యాశ పడకుండా విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవే చూడు, డిస్కౌంట్ వస్తే స్టీమ్ మెయిల్ పంపిస్తుంది. కొనే ముందు ‘ఈజ్ దేర్ ఎనీ డీల్’ సైట్‌లో ఆ గేమ్ ఇదివరకు ఎంత తక్కువకు వచ్చిందో చూడు. యాభై శాతం తగ్గింపు అని పచ్చగా మెరుస్తుంటుంది, తీరా చూస్తే పోయిన డిసెంబర్‌లో డెబ్బై అయిదు శాతం తగ్గింది. అప్పుడు నువ్వు ఆగాలి.

అయితే ఫ్యాక్టోరియో అనే గేమ్ కోసం మాత్రం ఆగకు. దాన్ని చేసినవాళ్ళు ఎప్పుడూ డిస్కౌంట్ ఇవ్వమని ముందే చెప్పారు, ఆ మాట మీదే ఉన్నారు. 2023 జనవరిలో రేటు పెంచారు కూడా. లైనక్స్ వెర్షన్ చాలా బాగా చేస్తారు, ఉచిత డెమో ఇస్తారు. డెమో ఆడి చూడు, నచ్చితే పూర్తి రేటు పెట్టు. లైనక్స్ వాళ్ళను ఇంత గౌరవంగా చూసేవాళ్ళకు పూర్తి రేటు ఇవ్వడం నాకు ఇష్టమే.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. లైనక్స్ వాడేవాళ్ళు అన్నీ ఉచితంగా కావాలంటారు, డబ్బు పెట్టరు అని ఒక అపవాదు ఉంది. 2010లో హంబుల్ ఇండీ బండిల్ వచ్చినప్పుడు ఎవరిష్టమొచ్చినంత వాళ్ళు కట్టొచ్చన్నారు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ అవే గేమ్స్. సగటున అందరికంటే ఎక్కువ కట్టింది లైనక్స్ వాళ్ళే. మన దగ్గర డబ్బు తక్కువ ఉండొచ్చు, కానీ పెట్టేది మనసు పెట్టి పెడతాం. ఆ పేరు నిలబెట్టు.

రీఫండ్‌ను సిగ్గుపడకుండా వాడుకో. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇస్తారు. మనకు ఇది పరీక్ష చేసుకునే సమయం. కొన్న వెంటనే మొదటి గంటలో సౌండ్, కంట్రోలర్, సేవ్, ఫుల్ స్క్రీన్ అన్నీ సరిగ్గా ఉన్నాయా చూసెయ్. మెనూలో వదిలేసి భోజనానికి పోతే ఆ సమయం కూడా లెక్కలోకి వస్తుంది. గేమ్ తెరిచాక షేడర్లు (గ్రాఫిక్స్ గీయించే చిన్న ప్రోగ్రాంలు) తయారయ్యే సమయం కూడా అంతే. నడవకపోతే ప్రోటాన్ వెర్షన్ ఒకటి రెండు మార్చి చూడు, అయినా కుదరకపోతే గంటన్నర దాటకముందే వెనక్కి ఇచ్చెయ్.

స్టీమ్ ఒక్కటే దుకాణం కాదు. ఎపిక్ స్టోర్ గురువారం రాత్రి ఒక గేమ్ ఉచితంగా ఇస్తుంది, కొన్ని వారాలు రెండు కూడా. ఎపిక్‌కి లైనక్స్ క్లయింట్ (గేమ్స్ దింపి నడిపే ప్రోగ్రాం) లేదు. హీరోయిక్ అనే ఓపెన్ సోర్స్ లాంచర్ వేసుకుంటే ఆ గేమ్స్ మన దగ్గర ఆడుకోవచ్చు. వారం వారం తీసుకుంటూ పో, ఏడాదికి ఒక్క రూపాయి పెట్టకుండా మంచి లైబ్రరీ తయారవుతుంది. అదే హీరోయిక్‌లో గాగ్ (GOG) అనే ఇంకో దుకాణం ఖాతా కూడా కలుపుకోవచ్చు. గాగ్ గేమ్స్‌కి కాపీ చెయ్యకుండా పెట్టే డీఆర్ఎం తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ దింపుకుని హార్డ్ డిస్క్‌లో పెట్టుకుంటే రేపు కంపెనీ మూతపడినా, ఆ గేమ్ అమ్మకం ఆగిపోయినా, నీ దగ్గర ఉంటుంది. స్టీమ్‌లో మనం కొనేది లైసెన్స్ మాత్రమే అని ఇప్పుడు స్టీమే డబ్బు కట్టే పేజీలో రాస్తోంది. కాబట్టి ఒక గేమ్ రెండు చోట్లా ఉండి, రేటు అటూ ఇటూగా ఒకటే అయితే నేను గాగ్ వైపు మొగ్గుతాను. ఒక్కటి గుర్తుంచుకో: డాలర్లలో కట్టాల్సి వచ్చినచోట బ్యాంకు తన విదేశీ మారకం ఛార్జి వేస్తుంది, కట్టేముందు అదీ కలిపి లెక్క వేసుకో.

నెట్ ఖర్చు ఎవరూ లెక్కలోకి తీసుకోరు కానీ, మన జిల్లాల్లో అది కూడా గేమ్ రేటులో భాగమే. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే సరే. హాస్టల్‌లో ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజుకు 2 జీబీతో ఉంటే, 70 జీబీ గేమ్ దిగడానికి 35 రోజులు పడుతుంది, మధ్యలో అప్‌డేట్ వస్తే ఇంకా ఎక్కువ. స్టార్‌డ్యూ వ్యాలీ అర జీబీ చుట్టూ ఉంటుంది, వందల గంటలు ఆడొచ్చు. సేల్ లేకపోయినా అయిదొందల చుట్టుపక్కలే. డేటా తక్కువ ఉన్నవాళ్ళకు ఇలాంటివే నేను ముందు చెప్తాను. స్టీమ్‌లో షేడర్లను ముందే దింపుకునే షేడర్ ప్రీ-క్యాషింగ్ అనేది లైనక్స్‌లో తరచుగా డేటా లాగుతుంది. డౌన్‌లోడ్స్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపెయ్యొచ్చు, మొదట్లో గేమ్ కొంచెం తడబడుతుంది, అంతే. అప్‌డేట్లు ఏ వేళలో జరగాలో కూడా అక్కడే పెట్టుకోవచ్చు. ఇంకా మంచిది ఒకటుంది: 2023 నుంచి స్టీమ్ ఒకే వైఫైలో ఉన్న ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి గేమ్ ఫైల్స్ పంపుతుంది. ఇద్దరి దగ్గరా అదే గేమ్ ఉంటే ఫైబర్ ఉన్న స్నేహితుడి ఇంటికి లాప్‌టాప్ పట్టుకుపో, నెట్ ఖర్చు లేకుండా తెచ్చుకోవచ్చు.

పూర్తిగా ఉచితమైనవి మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే ఉన్నాయి, నువ్వు బహుశా తెరిచి చూసి ఉండవు. ఓపెన్‌టీటీడీలో రైళ్ళు, బస్సులు నడుపుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. సూపర్‌టక్స్‌కార్ట్ అనే బండ్ల పందెం గేమ్ చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్న ఇంట్లో తప్పకుండా ఉండాలి, ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడొచ్చు. బ్యాటిల్ ఫర్ వెస్నోత్‌లో ఒక్కో ఎత్తూ ఆలోచించి వెయ్యాలి. 0 ఏ.డీ. అనే యుద్ధ వ్యూహాల గేమ్‌లో మౌర్యులు కూడా ఒక పక్షం. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద శాసనాలు చెక్కించిన అశోకుడు అందులో నాయకుడుగా ఉంటాడు, చూసినప్పుడల్లా నాకు సంతోషం. ఇవన్నీ ప్రపంచం నలుమూలలా జనం తీరిక వేళల్లో చేసి ఇచ్చినవి. ఎవరూ మన దగ్గర నుంచి వెనక్కి తీసుకోలేరు.

క్రాక్ చేసిన గేమ్స్ గురించి నువ్వు అడగలేదు కానీ, ఎవరో ఒకరు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇస్తారు. వద్దు. ఒకటి, చేసినవాడికి అన్యాయం. రెండు, లైనక్స్‌లో వైరస్ రాదులే అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. వైన్ మామూలుగా నీ మొత్తం డిస్క్‌ను విండోస్ ప్రోగ్రాంలకు జడ్ డ్రైవ్‌గా చూపిస్తుంది. విండోస్ కోసం రాసిన దొంగ ప్రోగ్రాం నీ హోమ్ ఫోల్డర్‌లో ఫొటోలు, సర్టిఫికెట్లు అన్నీ చదవగలదు, చెరపగలదు. సగం రేటుకి గేమ్ కీలు (గేమ్‌ను ఖాతాలో చేర్చే కోడ్‌లు) అమ్మే గుర్తు తెలియని సైట్ల జోలికి కూడా పోవద్దు. ఆ కీ ఏ దేశానిదో, ఎవరి కార్డుతో కొన్నదో తెలియదు, రేపు వెనక్కి లాక్కుంటే అడగడానికి నీకు ఎవరూ ఉండరు.

నీ మెషీన్‌లో మొదటి సేల్‌కి నేనైతే ఇవి కొంటాను: పోర్టల్ 2, హాఫ్-లైఫ్ 2, లెఫ్ట్ 4 డెడ్ 2. సేల్‌లో ఒక్కోటి వంద రూపాయల లోపుకి పడిపోతుంటాయి, లైనక్స్ వెర్షన్లున్నాయి, ఇంటెల్ గ్రాఫిక్స్ మీద హాయిగా ఆడొచ్చు. తర్వాత హాలో నైట్, స్లే ద స్పైర్. బండి నడపడం ఇష్టమైతే యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. అసలు గేమ్ బాగా తగ్గుతుంది, కానీ అదనపు మ్యాపులు విడిగా అమ్ముతారు, అన్నీ ఒకేసారి కొనకు, ఒక్కో సేల్‌కి ఒకటి చాలు. దీనికి గ్రాఫిక్స్ తగ్గించుకోవాలి. వీటన్నిటికీ కలిపి నీ ఆర్నెల్ల డబ్బు కూడా పూర్తిగా ఖర్చు కాదు.

చివరిగా వాలరెంట్. నీ స్నేహితులంతా అదే ఆడుతున్నారు కాబట్టే విండోస్ వైపు మనసు లాగుతోందని నీ ప్రశ్నలో తెలిసిపోతోంది. వాలరెంట్ లైనక్స్‌లో నడవదు, ప్రోటాన్‌తోనూ నడవదు. దాని వాన్‌గార్డ్ యాంటీ చీట్ విండోస్ కెర్నెల్ (సిస్టమ్ అన్నిటికంటే లోపలి భాగం) లోపల కూర్చుంటుంది. విండోస్ 11లో అయితే అది టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ అడుగుతుంది, నీ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలోనే లేదు. అంటే సపోర్ట్ ఆగిపోయిన విండోస్ 10 మీదే నువ్వు ఉండాలి, అందులోనే నీ బ్యాంకు, నీ చదువు. ఒక్క ఉచిత గేమ్ కోసం అంత పని వద్దు. స్నేహితులతో ఆ సరదా కావాలంటే వారానికోసారి గేమింగ్ కేఫ్‌లో ఒక గంట కూర్చో, లాప్‌టాప్‌ను మింట్‌తోనే ఉండనివ్వు. లెఫ్ట్ 4 డెడ్ 2 కొన్నాక వాళ్ళలో ముగ్గురిని దానికి లాగు. నలుగురు కలిసి ఆడేది, విండోస్ వాళ్ళూ నువ్వూ ఒకే సర్వర్‌లో ఆడొచ్చు.

ఏదైనా గేమ్ తెరుచుకోకపోతే గేమ్ పేరు, వాడిన ప్రోటాన్ వెర్షన్, మింట్ వెర్షన్ రాసి ఇక్కడే అడుగు, చూసి చెప్తాను.